గీజరు వేస్తే ఇల్లంతా చీకటేం?

కార్తీకమాసం. తెల్లవారుజాము చలి వణికిస్తోంది. మా అమ్మ స్నానానికని గీజరు స్విచ్చి వేసింది. అంతే! గోడమీది పెట్టెలో 'టప్'మని చప్పుడు. ఇల్లంతా చీకటి!

టార్చిలైటు పట్టుకుని వెళ్ళి చూస్తే పెట్టెలో ఒక మీట కిందికి పడి ఉంది. పైకెత్తాను. మళ్ళీ 'టప్'! గీజరు స్విచ్చి ఆపి ఎత్తితే నిలబడింది. స్విచ్చి వేశామో లేదో, మళ్ళీ కథ మొదటికి వచ్చింది.

ఈ గొడవకు పక్కింటాయన లేచి వచ్చాడు. "ఇంతేనా! మా ఇంట్లోనూ ఇలాగే అయింది. గీజరు ప్లగ్గు విప్పి, ఎర్తు తీగ పీకేశాం. ఆ తర్వాత మీట ఒక్కసారీ పడలేదు. మీదీ పీకేయమంటారా?" అన్నాడు.

సెలవులకు వచ్చిన మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడు నా చెయ్యి పట్టుకుని, "మావయ్యా! మీట పడకపోతే గీజరు బాగైనట్టేనా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న! పిల్లలూ, జవాబు మీరే చెబుదురుగాని. ముందు ఆ పెట్టెలో ఏముందో చూద్దాం.

ఇద్దరు కాపలాదారులు

ఆ పెట్టెలో రెండు రకాల మీటలుంటాయి. వరసగా ఉండే చిన్న మీటలు ఎం.సి.బి.లు. పాత ఫ్యూజుల పని ఇప్పుడు ఇవి చేస్తాయి. తీగ భరించగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పారితే పడిపోతాయి. వాటి పక్కనే కాస్త వెడల్పుగా, 'టి' అక్షరమున్న బటనుతో ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఆర్.సి.సి.బి. అంటారు. మా ఇంట్లో పడింది ఇదే.

ఇది చేసే పని ఒక్కటే: లెక్క చూడటం. ఫేజు తీగలో ఎంత కరెంటు ఇంట్లోకి వెళ్ళిందో, న్యూట్రల్ తీగలో అంతా తిరిగి వచ్చిందా, లేదా? వస్తే సరే. రాకపోతే ఎక్కడో దారి తప్పి భూమిలోకి పోతోందన్నమాట.

ఒక యంత్రం ఈ లెక్క ఎలా చూస్తుంది? చాలా సులువు. ఫేజు, న్యూట్రల్ తీగలు రెండూ ఒకే ఇనుప వలయం మధ్యనుంచి వెళతాయి. ఒకదానిలో కరెంటు అటు పారుతుంటే, రెండోదానిలో అదే క్షణంలో ఇటు పారుతుంది. రెండూ సమానమైతే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తేడా వచ్చిందా, వలయంలో అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అది వలయానికి చుట్టిన మూడో తీగచుట్టలో విద్యుత్తును ప్రేరేపిస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే ఇది! ఆ కొద్దిపాటి విద్యుత్తే కొక్కేన్ని విడిపించి, మీటను పడేస్తుంది.

ఇళ్ళలో వాడే ఆర్.సి.సి.బి. సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల తేడాకు పడిపోవాలి. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర ఎంత కరెంటు తీసుకుంటుందో లెక్కకట్టండి. 2,000ని 230తో భాగిస్తే సుమారు 8.7 ఆంపియర్లు. అందులో 30 మిల్లీ ఆంపియర్లంటే 290వ వంతు మాత్రమే. ఎం.సి.బి.కి ఇంత చిన్న తేడా కనిపించదు. కాని మనిషి గుండెకు అది చిన్నది కాదు. సుమారు 1 మిల్లీ ఆంపియరు ఒంట్లో పారితే చురుక్కుమంటుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలలేం. అంతకన్నా పెరిగితే ఊపిరి ఆడదు, గుండె లయ తప్పుతుంది.

ఇలాంటి సాధనాన్ని 1950ల నడుమ దక్షిణాఫ్రికాలో హెన్రీ రూబిన్ అనే ఇంజనీరు రూపొందించాడు. అక్కడి బంగారు గనుల్లో విద్యుత్ ప్రమాదాలు పెద్ద బెడదగా ఉండేవి. మనిషి ఎంత కరెంటు తట్టుకోగలడో పరిశోధించిన కాలిఫోర్నియా ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ 1961లో అమెరికాలో ఈ తరహా సాధనాన్ని కనిపెట్టాడు.

దొంగ ఎక్కడున్నాడు?

తెల్లవారాక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అతను ముందుగా గీజరు ప్లగ్గును పూర్తిగా ఊడబెరికించాడు.

"స్విచ్చి ఆపితే చాలదా అన్నా?" అన్నాడు మావాడు.

"చాలదు బాబూ! ఈ స్విచ్చి ఫేజు తీగనే తెంపుతుంది. న్యూట్రల్ అలాగే అతికి ఉంటుంది. ఒక్కోసారి న్యూట్రల్ పక్కనుంచి కూడా కరెంటు ఎర్తులోకి జారిపోతుంది. అప్పుడు గీజరు ఆపి ఉన్నా, మిక్సీ వేస్తే మీట పడుతుంది!"

ప్లగ్గు పీకాక ఇంట్లో అన్నీ వేసి చూశాం. మీట నిలబడింది. అంటే ఇంటి తీగల్లో దోషం లేదు, దొంగ గీజరులోనే ఉన్నాడు. అతను మూత విప్పి చూశాడు. తీగలు కాలలేదు, కొసల దగ్గర తడి లేదు. ఇక మిగిలింది లోపల నీళ్ళు కాచే కడ్డీ.

ఆ కడ్డీ నిజానికి ఒక లోహపు గొట్టం. దాని నడుమ నిక్రోమ్ తీగచుట్ట ఉంటుంది. తీగ గొట్టానికి తగలకుండా మధ్యలో మెగ్నీషియం ఆక్సైడు పొడి కూరి ఉంటుంది. ఈ పొడి వేడిని పోనిస్తుంది, విద్యుత్తును పోనివ్వదు. కాని ఒక బలహీనత ఉంది: తేమను పీల్చుకుంటుంది. తడిసిందంటే విద్యుత్తును ఆపలేదు.

అతను మీటరు తీసి, కడ్డీ కొసకూ గీజరు తొట్టికీ మధ్య నిరోధం కొలిచాడు. బాగున్న కడ్డీకి అది పది లక్షల ఓములు దాటాలి. మాదానికి సుమారు 5,000 ఓములే వచ్చింది!

మావాడు వెంటనే కాగితం తీసి ఓమ్ నియమం ప్రయోగించాడు. "230ని 5,000తో భాగిస్తే 0.046 ఆంపియర్లు. అంటే 46 మిల్లీ ఆంపియర్లు. 30 దాటింది మావయ్యా! అందుకే పడింది!"

కడ్డీని బయటికి లాగితే తెల్లగా, గరుకుగా సున్నపు గార మందంగా పట్టి ఉంది. మాది బోరు నీళ్ళు మరి! కఠినజలం కాగినప్పుడు అందులోని కాల్షియం లవణం ఇలా పేరుకుంటుంది. గార కింద వేడి నీటిలోకి పోలేక గొట్టం మరీ కాలిపోతుంది. కొన్నాళ్ళకు అక్కడ సన్నని పగులు పడింది, నీరు పొడిలోకి చేరింది. దొంగ దొరికాడు!

ఎర్తు తీగ పీకేస్తే?

ఇప్పుడు పక్కింటాయన సలహా సంగతి చూద్దాం. ఎర్తు తీగ ఉంటే, జారిన కరెంటు తొట్టినుంచి ఆ తీగ ద్వారా భూమిలోకి పోతుంది. లెక్క తప్పుతుంది, మీట పడుతుంది. ఎవరూ గీజరును ముట్టుకోకముందే ప్రమాదం ఆగిపోతుంది.

ఎర్తు తీగ పీకేస్తే? ఈ రోజుల్లో నీటి గొట్టాలు కూడా ప్లాస్టిక్‌వే. కరెంటు పోవడానికి దారే ఉండదు. కాబట్టి లెక్క తప్పదు, మీట పడదు. కాని పగులు అలాగే ఉంది. తొట్టిలో కరెంటు పొంచి ఉంది. తడి ఒంటితో, తడి నేలమీద నిలబడి ఎవరైనా దాన్ని ముట్టుకుంటే, భూమిలోకి పోయే దారి వారి ఒళ్ళే అవుతుంది!

ఈ మాట విన్న పక్కింటాయన మొహం పాలిపోయింది. "మా ఇంట్లో మనవరాలు స్నానానికి వెళ్ళబోతోంది!" అంటూ పరుగెత్తాడు. ఆ పూటే ఎలక్ట్రీషియన్ రెండిళ్ళలోనూ కడ్డీలు మార్చి, వాళ్ళ ఎర్తు తీగను మళ్ళీ బిగించి వెళ్ళాడు.

పిల్లలూ! గీజరు మూత మీరు విప్పకండి, అది తెలిసినవారి పని. మీరు చేయదగింది వేరే ఉంది. ఆర్.సి.సి.బి. మీద ఉన్న 'టి' బటనును అప్పుడప్పుడు పెద్దవారి చేత నొక్కించండి. అది కావాలనే కొద్ది కరెంటును లెక్క తప్పిస్తుంది. నొక్కగానే ఇల్లు చీకటైతే, మీ కాపలాదారు మెలకువగా ఉన్నట్టే. చీకటి కాకపోతే మాత్రం వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.