కొబ్బరిచెట్టునకు పట్టిన తెల్లదోమ - ఊరివారి కర్తవ్యము

కోనసీమ గృహిణికి కొబ్బరిచెట్టు విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. కాయ దేవునికి, పాలు పిండివంటకు, నూనె తలకు, పీచు త్రాటికి, ఈనెలు చీపురునకు, ఆకు పందిరికి, మట్ట పొయ్యికి ఉపయోగపడుచున్నవి. దింపు అయిన దినమున చేతికందిన సొమ్ముతోనే బిడ్డల చదువులును, కూతురి పురుడును, పండుగ కోకలును గడచుచున్న సంసారములు ఎన్నియో కలవు. 1996వ సంవత్సరము నవంబరు నెలలో వచ్చిన తుపాను ఈ సీమలోని కొబ్బరితోటలను ఎట్లు కూల్చినదో పెద్దలు నేటికిని మఱువలేదు. గాలివాన కన్నులయెదుట వచ్చి కన్నులయెదుట పోవును. ఇప్పుడు కొన్ని సంవత్సరములుగా మన చెట్లను ఆశ్రయించియున్న ఆపద అట్టిది కాదు. దానికి చప్పుడు లేదు. ఆకు అడుగున దాగియుండును. దానిని గూర్చి సోదరీమణులు తెలిసికొనదగిన సంగతులను, మనమందఱము కలసి చేయదగిన పనులను ఇందు విన్నవించుచున్నాను.

దీనికి సర్పిలాకార తెల్లదోమ యని పేరు. దోమ యన్నమాటయే గాని ఇది మనుష్యులను కుట్టునది కాదు. పొడవు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. ఆకు అడుగుభాగమున, ముగ్గువేసినట్లు చుట్టలు చుట్టలుగా గ్రుడ్లు పెట్టి, వానిపై తెల్లని మైనపుపొడి కప్పును. గ్రుడ్డులోనుండి వెలువడిన పిల్లపురుగులు ఆకునకు అంటుకొని రసమును పీల్చుచు, తేనెవంటి జిగురును విసర్జించును. ఆ జిగురు క్రింది ఆకులమీద పడును. దానిపై నల్లని బూజు పెరిగి ఆకంతయు మసి పూసినట్లగును. ఆకు తన ఆహారమును ఎండవెలుతురుతోనే వండుకొనును. మసి కప్పిన ఆకునకు ఆ వెలుతురు సోకదు. కావున చెట్టు వెంటనే చావకపోయినను నానాటికి నీరసించును. గ్రుడ్డు పెద్దపురుగగుటకు సుమారు నెలదినములు పట్టును. ఎండకాలమున ఇవి విజృంభించును. జోరువానలు కురిసినపుడు తగ్గును. కొబ్బరియే గాక అరటి, జామ, మామిడి, ఆయిల్‌పాం మొదలగువానిని గూడ ఇది ఆశ్రయించును. కావున పెరటిలో జామచెట్టొక్కటియే యున్న ఇల్లాలికిని ఈ విషయముతో సంబంధము కలదు.

ఈ పురుగు మన దేశపుది కాదు. మధ్య అమెరికాలోని బెలీజు దేశమునుండి వచ్చిన నమూనాలను పరీక్షించి 2004వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు దీనికి పేరుపెట్టిరి. 2009లో అమెరికాలోని ఫ్లారిడాలో కనబడెను. 2016లో తమిళనాటి పొల్లాచి ప్రాంతమునందును, కేరళమునందలి పాలక్కాడు ప్రాంతమునందును మన దేశమున మొదటిసారి కానవచ్చెను. అటుపిమ్మట కర్ణాటకమునకును, ఆంధ్రదేశమునకును వ్యాపించెను. ఇంత చిన్న పురుగు సముద్రములను తన రెక్కలతో దాటజాలదు. ఇట్టి పురుగులు ఒక దేశమునుండి మఱియొక దేశమునకు మొక్కలతోడనే ప్రయాణము చేయుచుండును. ఒక యూరినుండి మఱియొక యూరికి వచ్చుటయు తఱచుగా అట్లే. మనము ముచ్చటపడి కొని తెచ్చుకొన్న నారుమొక్క ఆకు క్రిందనే అది మన పెరటికి చేరవచ్చును.

తెల్లని పొడియు, నల్లని మసియు చూడగానే గృహస్థుడు చేయబోవు మొదటిపని అంగడికి పోయి పురుగుమందు తెచ్చుట. మనస్సునకు అది సహజము. చెట్టు రోగముతో నున్నది, ఔషధము వేయవలెను గదా యని తోచును. కాని ఈ పురుగు విషయమున ఆ తొందరయే కీడు. ఎందువలన ననగా, ఈ తెల్లదోమకు ప్రకృతిలో శత్రువొకటి కలదు. దాని పేరు ఎన్‌కార్సియా. అది మిక్కిలి చిన్నదగు కందిరీగజాతి పురుగు; ఇదియు మనుష్యులను కుట్టదు. తెల్లదోమ పిల్లలలో తన గ్రుడ్డు పెట్టును. ఆ గ్రుడ్డునుండి పుట్టిన పిల్ల తెల్లదోమ పిల్లను లోపలినుండి తినివేసి, పైకప్పునకు గుండ్రని రంధ్రము చేసికొని వెలుపలికి వచ్చును.

ఈ మిత్రపురుగు మనకు లభించిన తీరు విచిత్రము. 1993లో కేరళమున ఈ జాతికే చెందిన మఱియొక తెల్లదోమ కనబడెను. దానిని వెన్నంటి, ఎవరును కోరి తేకయే, ఈ ఎన్‌కార్సియాయు కొంతకాలమునకు మన దేశమునకు వచ్చి స్థిరపడెను. కావున 2016లో క్రొత్త తెల్లదోమ వచ్చునప్పటికి దాని శత్రువు ఇచటనే సిద్ధముగా నుండెను. చెట్టుపై విషము చల్లినచో తెల్లదోమలు కొన్ని చచ్చును. మైనపు కప్పు క్రింద నున్నవి కొన్ని మిగులును. కాపాడదగిన మిత్రపురుగులు మాత్రము ముందుగా నశించును. అడ్డులేక పోవుటచే మిగిలిన తెల్లదోమలు మునుపటికంటె హెచ్చును. ఇంతియే గాక, అంత యెత్తున చల్లిన విషము గాలికి కొట్టుకొని వచ్చి పడునది మన నూతులలోనే, కాలువలలోనే, పశువుల గడ్డిపైననే, బిడ్డ లాడుకొను వాకిటనే.

ఓపికపట్టుటవలన ఫలము కలుగునా యని సందేహించువారికి బొప్పాయి కథ చెప్పదగినది. 2008లో కోయంబత్తూరు ప్రాంతమున బొప్పాయి పిండినల్లి యను పరదేశపు పురుగు బయలుదేఱి, బొప్పాయి తోటలను, మల్బరీ తోటలను పాడుచేసెను. మందులకు అది లొంగలేదు. 2010లో బెంగుళూరునందలి కీటకపరిశోధనాసంస్థవారు ప్యూర్టోరికో ద్వీపమునుండి దాని సహజశత్రువులగు మూడుజాతుల చిన్న కందిరీగలను తెప్పించిరి. వానిని పెంచి తోటలలో విడిచి, విషపుమందులు చల్లవలదని రైతులకు బోధించిరి. కొలదికాలములోనే పిండినల్లి అణగిపోయెను.

ఈ పని ఒక్కరివలన కాదనుట ఇందుచేతనే. తెల్లదోమకు పొలముగట్టు తెలియదు, మిత్రపురుగునకును తెలియదు. ఒకరు నిగ్రహించుకొని చెట్లను కాపాడుకొనుచుండగా, ప్రక్కతోటవారు విషము చల్లినచో ఇరువురి మిత్రపురుగులును నశించును. ఒకరు పరీక్షింపక తెచ్చిన మొక్కవలన వీధి యంతయు నష్టపడును. గ్రామ మంతయు కలసి ఒక మాటపై నిలిచిననే ఫలము. ఆ మాటలోని మొదటి యంశము, పెద్దచెట్లపై పురుగుమందులు చల్లకుండుట.

ఇక చేయదగిన పనులు. మొదటిది, కనిపెట్టియుండుట. నెలకొకమారు జామ, అరటి, చిన్న కొబ్బరిమొక్కల ఆకులను త్రిప్పి అడుగుభాగమును చూడవలెను. పెద్దచెట్టు విషయమున దింపువారిని అడిగి ఒక ఆకు కోయించి చూడవచ్చును. పిల్లలకు ఒక భూతద్దమిచ్చినచో వారు పాఠమువలెను, ఆటవలెను గూడ ఈ పని చేయుదురు. తెల్లదోమ తాను పెరిగి వెలువడిన గూటిపై చీలిక కనబడును. ఎన్‌కార్సియా వెలువడిన గూటిపై గుండ్రని రంధ్రము కనబడును. గుండ్రని రంధ్రములు ఎక్కువగా నున్న ఆకు శుభసూచకము. అట్టి ఆకులను కాల్చివేయరాదు. ఆ ముక్కలను తెల్లదోమ క్రొత్తగా పట్టిన చెట్లకు కట్టినచో మిత్రపురుగులు అచటికి వ్యాపించును.

రెండవది, మొక్కలను కొనునపుడు జాగ్రత్త. కడియపులంక మొదలగు చోటులనుండి మొక్కలు దేశమంతటికిని పోవుచుండును. ఎచట కొన్నను ఆకు త్రిప్పి చూచియే కొనవలెను. తెల్లని చుట్టలు కనబడినచో ఎంత చవుకయైనను విడిచిపెట్టవలెను. పెండ్లికి, పూజకు కొబ్బరాకులను, అరటిబోదెలను ఊరినుండి ఊరికి పంపునపుడును ఈ చూపు చూడవలెను.

మూడవది, నీరు. చిన్నచెట్లకు ఆకు అడుగున నీటిని వడిగా కొట్టినచో పురుగులు చాలవఱకు రాలిపోవును. తీవ్రముగా నున్నపుడు లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనెను, కొంచెము సబ్బునీటిని కలిపి అడుగుభాగము తడియునట్లు పిచికారి చేయవచ్చును. పసుపురంగు అట్టలకు ఆముదము పూసి చెట్ల నడుమ కట్టినచో పెద్దపురుగులు ఆ రంగునకు ఆకర్షింపబడి అంటుకొనును.

నాలుగవది మన వంటయింటిది, గంజి. లీటరు నీటికి పది గ్రాముల గంజిపిండి చొప్పున కాచి, చల్లార్చి, బట్టతో వడియగట్టి, ఎండ బాగుగా నున్న దినమున మసిపట్టిన ఆకులపై చల్లవలెను. అది ఎండి పొరగా లేచినపుడు మసిని గూడ ఊడదీసికొని రాలును. ఆకునకు మరల వెలుతురు సోకును. కోకలకు గంజిపెట్టుట నేర్చిన చేతులకు ఈ విద్య క్రొత్తది కాదు.

ఐదవది, పెద్దచెట్ల పని. దీనికి నిపుణుల తోడు వలయును. కోనసీమలో అంబాజీపేటయందు ఉద్యానవిశ్వవిద్యాలయమువారి పరిశోధనాస్థానము కలదు. తెల్లదోమను తినెడు అల్లికరెక్కల పురుగును అచట పెంచుచున్నారు. ఇసారియా యను మేలుచేయు శిలీంధ్రమును లీటరు నీటికి ఐదు గ్రాముల వంతున కలిపి చల్లు పద్ధతియు కలదు. అది తెల్లదోమకు వ్యాధి కలిగించును. ఒక్కరు పోయి అడుగుటకంటె వీధివా రందఱును కూడి అడిగి, ఒకే వారమున అన్ని తోటలలో ఈ పని జరిపించుకొనుట మేలు. నెలనెల కూడెడు పొదుపుసంఘములలో, అప్పుల లెక్కలు ముగిసిన పిమ్మట పావుగంట ఈ మాటకు కేటాయించినచో చాలును. ఎవరి చెట్టున పురుగు కనబడినది, ఎవరు మందు కొనదలచినారు, పిచికారి యంత్ర మెవరికడ నున్నది యని విచారించుకొన్నచో సగము పని యైనట్లే.

తోటసంగతులు ఆడువారి కెందుకని కొందఱు పరిహసింపవచ్చును. వాకిటిచెట్టు మట్టను అనుదినము చూచునది ఎవరు? నీరు పోయునది ఎవరు? రాలిన ఆకు నూడ్చునది ఎవరు? రోగమును మొదట చూడగలవారు మనమే. పురుషులు ఇంటికి విషపుడబ్బాను తెచ్చినపుడు, కోపింపక, ఆకును త్రిప్పి గుండ్రని రంధ్రములను చూపి, ఇచట మనకొఱకు పనిచేయువారు కలరని చెప్పగలవారమును మనమే.

కొబ్బరిచెట్టు నాటినవారికే గాక వారి మనుమలకును కాయ నిచ్చును. మన అత్తగారలు, అమ్మమ్మలు నాటి, నీరుపోసి పెంచిన చెట్లను మసిపట్టి చిక్కిపోనీయక మన బిడ్డల కప్పగించుట మన విధి. ఈ వేసవి ముదురకమునుపే, ఇరుగుపొరుగువారిని పిలిచికొని, మీ పెరటిలోని ఆకు నొకదానిని త్రిప్పి చూడ ప్రార్థన.