సముద్రంలో కట్టేసిన వాన కావలి

మన ఆదిలాబాద్ దిక్కు సముద్రం లేదు. నేనైతే ఇంతవరకు చూడనే లేదు. కాని వానాకాలంలో మనకు పడే పెద్ద వానలు ఎక్కువగా బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాల వల్లనే వస్తాయి. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగే దానికన్నా ఎక్కువ వరద వచ్చింది. కింది ఊర్లను ఖాళీ చేయించారు. మరి నడి సముద్రంలో కూర్చొని వానను కనిపెట్టేది ఎవరు?

దానికే బోయ్ అనే యంత్రం ఉంది. పెద్ద డబ్బా లాగ నీళ్ల మీద తేలుతుంది. పైన గాలి వేగం, పీడనం, తేమ కొలిచే పరికరాలు, సోలార్ పలకలు ఉంటాయి. కింద తీగకు కట్టిన పరికరాలు 500 మీటర్ల లోతు దాకా నీటి వేడిని కొలుస్తాయి. అంత లోతు ఎందుకంటే, తుపానుకు బలం వేడి నీళ్ల నుంచే వస్తుంది. పైపైన వేడి ఉంటే గాలికి నీళ్లు కలిసి చల్లబడతాయి. లోతు దాకా వేడి ఉంటే తుపాను ముదురుతుంది. ఈ లెక్కలన్నీ ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది తాడు సంగతి. ఎద్దును పలుపుతో గుంజకు కట్టినట్టే బోయ్‌ని సముద్రం అడుగుకు కడతారు. కాని అక్కడ లోతు మూడు కిలోమీటర్లు ఉండొచ్చు! తాడు బిగుతుగా ఉంటే అలలకు తెగుతుంది. వదులుగా ఉంటే అడుగున పడి రాసుకపోతది. అందుకే పైన ఉక్కు తీగ, చేపలు కొరికినా తెగదు. మధ్యన సాగే నైలాన్. కింద నీళ్లలో తేలే రకం తాడు, అది మీదికి లేస్తుంటది గనుక అడుగును తాకదు. చివర టన్నుల బరువు. మళ్లీ తీయాలంటే ఓడ నుంచి శబ్దం పంపుతారు. కింద కొక్కెం ఊడిపోతుంది, బరువు అక్కడే ఉంటుంది. మస్తు తెలివి గదా!

మన దేశంలో ఈ పథకం 1996లో మొదలైంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ బోయ్‌లను దింపుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సముద్రం సంగతులు జాలర్లకు చెప్తుంది, 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా ఇస్తుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఒక బోయ్‌కు దగ్గరగా పోయింది. అది ఆ గాలిలో కూడా కొలుస్తనే ఉంది.

ఒక ఇబ్బంది ఉంది. బోయ్ నీడకు చేపలు చేరతాయి, చేపల కోసం పడవలు వస్తాయి. పడవను బోయ్‌కే కడితే పరికరాలు పాడవుతాయి. కొందరు సోలార్ పలకలు కూడా పీక్కపోతారు. వాళ్లకూ పొట్ట గడవాలి, నిజమే. కాని తుపాను వస్తే ముందు మునిగేది వాళ్ల పడవే.

మా బాపు తొలివానకే పత్తి గింజలు పెడతడు. తర్వాత వాన మొకం చాటేస్తే మళ్లీ అప్పు చేసి గింజలు కొనాలె. మా వాగు ఒడ్డున ఏ రోజు వాన పడుతుందో బోయ్ ఒక్కటే చెప్పలేదు. దానికి ఊర్లల్ల వానమాపకాలు, రాడార్లు కూడా కావాలి. మన బడిల వానమాపకం పెట్టుకుంటే రోజూ రాసే పని నేను చేస్తా, వార్డెన్ మేడమ్ గారూ!

— 9వ తరగతి విద్యార్థిని