మీకు తెలుసా? తుంగగడ్డలో దాగిన షిరాజ్ ఘాటు

కళింగపట్నం చుట్టుపక్కల మెట్ట చేలలో రైతు ప్రాణం తీసే కలుపు తుంగ. పైన పట్టి లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ మాత్రం నేలలోనే ఉండిపోయి నాలుగు రోజుల్లో మళ్ళీ తల ఎత్తుతుంది. ఆ గడ్డ ఎండితే మూలికల కొట్లో తుంగముస్త అవుతుంది. నలుగుపిండిలో వేస్తారు, కషాయం కాస్తారు. ఆ గడ్డ నూనెలో ఉండే ఒక పదార్థమే, ప్రపంచమంతా మెచ్చుకునే షిరాజ్ అనే ఎర్ర వైన్‌కి మిరియాల ఘాటు తెస్తుందని మీకు తెలుసా?

దాని పేరు రోటండోన్. 1967లో పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు తుంగముస్త నూనెలో దీన్ని కనిపెట్టారు. నలభై ఏళ్ళ తర్వాత, షిరాజ్‌లో మిరియం వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికిన ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకి 2008లో దొరికిన సమాధానం కూడా ఇదే. మిరియాల్లోనూ ఉన్నది ఇదే. పాడేరు, అరకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న తీగల మిరియాలు, వంశధార ఒడ్డు తుంగ, ఎక్కడో దక్షిణార్ధగోళంలో పండిన నల్లద్రాక్ష ఒకే ఘాటుకి చుట్టాలు. మన దేశపు ప్రయోగశాలలో ఒక కలుపు గడ్డ మీద చేసిన పని ఇంత దూరం వెళ్ళిందంటే నాకు గర్వంగానే ఉంటుంది.

లీటరు ఎర్ర వైన్‌లో రోటండోన్ 16 నానోగ్రాములు ఉన్నా ముక్కు పసిగడుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు! అయితే ఆ ఇన్‌స్టిట్యూట్ చేసిన వాసన పరీక్షలో పాల్గొన్నవాళ్ళలో దాదాపు అయిదుగురికి ఒకరు, మంచినీళ్ళలో లీటరుకి 4,000 నానోగ్రాములు కలిపి ఇచ్చినా ఏ వాసనా లేదన్నారు. ఒకే సీసాలోది తాగుతూ ఒకరు మిరియం ఉందని, పక్కనున్నవారు లేదని వాదించుకుంటే ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

ఈ ఘాటు ద్రాక్ష తొక్కలో పుడుతుంది, కానీ ఎండకి నిలవదు. ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రంలోని గ్రాంపియన్స్ కొండల దగ్గర షిరాజ్ తోటల్లో ఏళ్ళ తరబడి లెక్కలు తీస్తే, కాయ పక్వానికొచ్చే రోజుల్లో గుత్తి దగ్గర వేడి 25 డిగ్రీలు దాటి ఎంత ఎక్కువసేపు ఉంటే రోటండోన్ అంత తగ్గిపోతోందని తేలింది. అందుకే చల్లటి చోట పండిన షిరాజ్‌లో మిరియం గుప్పుమంటుంది, పులుపు నిలుస్తుంది. ఒళ్ళు, అంటే నాలుక మీద తెలిసే బరువు, మాత్రం పలచన.

వేడి ప్రాంతపు షిరాజ్‌ది వేరే దారి. ఎండకి కాయలో చక్కెర బాగా చేరుతుంది. పులియబెట్టినప్పుడు ఆ చక్కెరే ఆల్కహాల్ అవుతుంది కాబట్టి 14, 15 శాతం దాకా వెళ్ళడం మామూలే. రంగు ముదురు, రుచి నేరేడుపండుని, నల్ల చాక్లెట్‌ని గుర్తు చేస్తుంది, నాలుక మీద బరువుగా నిలుస్తుంది. అయితే ఆ ఎండకే కాయలోని మాలిక్ ఆమ్లం ఖర్చయిపోయి పులుపు పడిపోతుంది. మరీ ముదిరిన పండైతే వైన్ ఉడికించిన జామ్‌లా మొద్దుబారుతుంది.

మరి రెండూ కావాలంటే? ఆవకాయ పెట్టేవాళ్ళకి ఇది కొత్త విద్యేమీ కాదు. రంగుకి వరంగల్ చపాటా మిరప, కారానికి తేజ, రెండిటినీ పాళ్ళు చూసుకుని కలుపుతారు. ఆస్ట్రేలియా వాళ్ళూ బరోసా లోయలాంటి వేడి చోట నుంచి ఒళ్ళు తీసుకుని, చల్లటి చోట నుంచి ఘాటు, పులుపు తీసుకుని కలుపుతారు. కలిపేది కాయల్ని కాదు. వేడి చోట ద్రాక్ష ముందే పండుతుంది, చల్లటి చోటిది వారాల తర్వాత కోతకొస్తుంది. అందుకని దేనికది తొక్కతో సహా పులియబెట్టి, దేనికది పీపాల్లో పెట్టి, నెలలు గడిచాక ఒక్కో పీపా రుచి చూసి అప్పుడు పాళ్ళు తేలుస్తారు. ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం. ఏడాదికో రకంగా కాసే ఎండ ఏ పుస్తకంలోని కొలతకీ లొంగదు మరి.

మంచి వైన్ ఒకే తోట నుంచి రావాలి అనే నమ్మకాన్ని గట్టిగా కదిలించింది పెన్‌ఫోల్డ్స్ సంస్థ చేసే గ్రాంజ్ అనే వైన్. ఆ సంస్థలో వైన్ చేసే మాక్స్ షూబర్ట్ 1950లో యూరప్ వెళ్ళి, ఫ్రాన్సులోని బోర్డోలో దశాబ్దాలు నిలవుండే వైన్లు చూసి వచ్చి, 1951లో షిరాజ్‌తో తొలి ప్రయోగం చేశాడు. రుచి చూసిన పెద్దలకి నచ్చలేదు. 1957లో ఆపేయమని సంస్థ ఉత్తర్వులిచ్చింది. ఆయన ఆపలేదు! 1957, 58, 59 మూడేళ్ళూ గుట్టుగా చేస్తూనే ఉన్నాడు. ఈలోగా పాత సీసాలు వయసొచ్చి రుచి తేలడంతో 1960లో సంస్థే మళ్ళీ చేయమంది. గ్రాంజ్ ఇప్పటికీ వేర్వేరు ప్రాంతాల ద్రాక్షతో చేసే వైనే. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం సీసా మీద ఒక ప్రాంతం పేరు వేయాలంటే అందులో 85 శాతం ఆ ప్రాంతపు ద్రాక్షే ఉండాలి. అందుకే ఇలా కలిపిన వాటి మీద తరచుగా ‘సౌత్ ఆస్ట్రేలియా’ లాంటి పెద్ద పేరే కనిపిస్తుంది.

ఇక పుట్టుక సంగతి. షిరాజ్ తీగ పారశీకం నుంచి వచ్చిందన్న కథ చాలాకాలం నడిచింది. 1998లో డీఎన్‌ఏ పరీక్ష ఆ కథకి తెర దించింది. దాని తల్లిదండ్రులిద్దరూ ఆగ్నేయ ఫ్రాన్సుకి చెందిన ద్రాక్షలే: దురెజా, మొందూజ్ బ్లాంష్.

కళింగపట్నంలో షిరాజ్ పండుతుందా అంటే కష్టమే. సముద్రపు ఉక్కకి రాత్రిళ్ళు చల్లబడవు. అంతకన్నా పెద్ద చిక్కు అక్టోబరు. మన దేశంలో ఎక్కువ చోట్ల ద్రాక్షకి ఏటా రెండు కత్తిరింపులు: ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. ఆ రెండో కత్తిరింపు వేళకే ఈ తీరానికి తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ ఎలా నేలకూల్చిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. తుపాను తప్పినా, లేత చిగుళ్ళ మీద వాన పడితే బూజు తెగులు పట్టుకుంటుంది.

వైన్ ద్రాక్ష మీద మనసుపడిన తెలుగువాళ్ళు పొడినేల వెతుక్కున్నారు. హైదరాబాదు గ్రాన్యూల్స్ ఇండియా మందుల సంస్థకి చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్ణాటకలోని హంపి కొండల ప్రాంతంలో తోట వేసి, తమ ఇద్దరి పేర్లూ కలిసొచ్చేలా దానికి ‘క్రిస్మా’ అని పేరు పెట్టుకున్నారు. ఆస్ట్రేలియా వాళ్ళు చలువ కోసం చోటు మారతారు. మన దగ్గర ఎక్కువగా కాలాన్ని వాడుకుంటారు. అక్టోబరులో కత్తిరిస్తే కాయ పండేది జనవరి నుంచి మార్చి లోపల, అంటే చలి ఇంకా మిగిలి ఉన్న రాత్రుల్లో. ఎండ ముదిరేలోగా కోత అయిపోవాలి.