చిన్న పెరటిలో పొట్టి కోనిఫర్లు

క్వార్టర్సు ముందు మనకు దక్కే జాగా సాధారణంగా రెండు మంచాలు పరచినంతకు మించి ఉండదు. తులసికోట, కరివేప, రెండు మందారాలు, పిల్లల సైకిలు అందులోనే ఒదగాలి. అటువంటి చోట దేవదారు, పైన్ వంటి మహావృక్షాల బంధువులను పెంచవచ్చునంటే పాఠకులు నవ్వవచ్చు. మేమూ మొదట నవ్వినవారమే. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక జలవిద్యుత్ ప్రాజెక్టుకు బదిలీపై వెళ్ళినప్పుడు, పొరుగింటి మెట్ల పక్కన నడుమెత్తు స్ప్రూస్ మొక్క ఒకటి కనిపించింది. ఎవరూ కత్తెర తాకించకుండానే గోపురంలా తీర్చినట్లు ఉంది. దాని వయసు పన్నెండేళ్ళు దాటిందని విన్ననాటి నుండి ఆ జాతిపై మాకు మక్కువ ఏర్పడింది.

పొట్టితనం ఎక్కడిది?

కోనిఫర్లు వివృతబీజ జాతికి చెందినవి. మందారంలా పూలు పూయవు, మామిడిలా కాయలు కాయవు. వీటి విత్తనాలు సాధారణంగా శంకువుల పొలుసుల నడుమ ఏర్పడతాయి. ఇందులో పొట్టి రకాలు తిండి చాలక గిడసబారినవి కావు. బోన్సాయి వలె మనం కత్తిరించి అణచి ఉంచినవీ కావు. జన్యువులలో కలిగిన మార్పు వలన పుట్టుకతోనే నెమ్మదిగా పెరిగేవి. ఎన్నో నారుమొక్కల నడుమ ఎప్పుడో ఒకటి ఇలా పుడుతుంది. ఒక్కొక్కప్పుడు పెద్ద చెట్టు కొమ్మమీదనే చీపురుకట్టను పోలిన గుబురు ఏర్పడుతుంది. దాని రెమ్మలను అంటుకట్టి కొత్త పొట్టి రకాలను తయారుచేస్తారు.

మేము చూసిన స్ప్రూస్ రకానికి ఒక చరిత్ర ఉంది. 1904లో అమెరికాలోని ఆర్నాల్డ్ ఆర్బొరేటంకు చెందిన జె.జి. జాక్, ఆల్ఫ్రెడ్ రేడర్ అనే వృక్షశాస్త్రజ్ఞులు కెనడాలోని నేటి ఆల్బర్టా రాష్ట్రంలో దీనిని కనుగొన్నారు. నేడు ప్రపంచమంతటా 'డ్వార్ఫ్ ఆల్బర్టా స్ప్రూస్' పేరిట పెరుగుతున్నది దాని సంతతే.

పొట్టి అంటే పెరగనిది అని అర్థం కాదు. అమెరికన్ కోనిఫర్ సొసైటీ లెక్క ప్రకారం ఏడాదికి 1 అంగుళం లోపు పెరిగేవి అతి చిన్న రకాలు. 1 నుండి 6 అంగుళాల వరకు పెరిగేవి పొట్టి రకాలు. అంటే పదేళ్ళలో 5 అడుగులయ్యేది కూడ పొట్టి రకమే. నాటేముందు ఈ లెక్క వేసుకోవడం అవసరం.

మా మొదటి తప్పు

2012లో గోదావరి తీరాన ఉన్న మరో ప్రాజెక్టుకు బదిలీ అయినప్పుడు, రెండు స్ప్రూస్ కుండీలను సామానుతో పాటు తెచ్చుకున్నాం. శీతకాలపు చలిలో విశ్రాంతి తీసుకునే ఆ మొక్కలకు మన వేసవి ఏమాత్రం గిట్టదని అప్పుడు మాకు తెలియదు. మే నెలలో కొసలు గోధుమరంగుకు తిరిగాయి. దాహమనుకొని ఉదయం సాయంత్రం నీరు కుమ్మరించాం. జూన్ చివరికి రెండూ చనిపోయాయి. కుండీ బోర్లిస్తే వేళ్ళు నల్లగా కుళ్ళి ఉన్నాయి. కోనిఫరు బాధను ఆలస్యంగా చెబుతుంది. ఆకు రంగు మారేనాటికే వేరుకు ముప్పు వచ్చి వారాలు గడిచి ఉంటాయి.

మన ఎండకు ఓర్చేవి

సిమ్లా, ఊటీ వంటి చల్లని ప్రాంతాలలో ఉన్న మన ఉద్యోగులు స్ప్రూస్‌ను ప్రయత్నించవచ్చు. మైదాన ప్రాంతాలవారికి మోర్‌పంఖి మేలు. నెమలి పింఛంలా నిలువుగా విచ్చుకునే దీనిని నర్సరీలలో తూజా అని కూడ పిలుస్తారు. ఇందులో బంగారు ఛాయగల పొట్టి రకాన్ని మేము కడియం నర్సరీలలో కొన్నాం. నేలబారుగా పాకే జూనిపర్లు కూడ మన ఎండను చాలావరకు ఓర్చుకుంటాయి.

క్రిస్మస్ చెట్టు పేరిట అమ్మే అరకేరియాను మాత్రం పొట్టి రకమని భ్రమపడరాదు. కుండీలో ఉన్నంతకాలం బుద్ధిగా ఉంటుంది. నేలలో నాటితే కాలక్రమాన మేడను మించిపోతుంది.

నాటడం, నీరు

తొలకరికి నాటితే వేసవి నాటికి వేళ్ళు కుదురుకుంటాయి. నల్లరేగడి నేల అయితే ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, చుట్టూ ఉన్న నేలకంటే జానెడు ఎత్తుగా మట్టిదిబ్బ చేసి నాటాలి. కుండీలో చుట్టలు చుట్టుకున్న వేళ్ళను విడదీయాలి. కాండం మొదలును మట్టిలో పూడ్చరాదు. వేలితో తడిమి, పైమట్టి రెండు అంగుళాల లోతు వరకు ఆరితేనే నీరు పోయాలి. పోసినప్పుడు మాత్రం అడుగుదాకా తడిసేలా పోయాలి. ఎరువు కొద్దిగా చాలు. ఉదయపు ఎండ పుష్కలంగా తగలాలి. మొదటి రెండు వేసవులు మధ్యాహ్నపు నీడ కల్పించడం మంచిది.

వేసవిలో ఆకులు వెలవెలబోతే కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తట్టి చూడాలి. కాగితంపై కదిలే సన్నని చుక్కలు కనిపిస్తే అవి నల్లులు. కొన్ని రోజులు వరుసగా ఆకుల లోపలిదాకా నీటిని చిమ్మితే చాలావరకు తగ్గుతాయి. గుబురు లోపలి ముదురు ఆకులు రాలడం సహజమే, దానికి కలవరపడనక్కరలేదు.

కత్తెర విషయంలో జాగ్రత్త

మా రెండవ తప్పు ఇక్కడే జరిగింది. 2016లో మోర్‌పంఖి ఒక పక్కకు ఒరిగిందని, ఆకులేని ముదురు కొమ్మ వరకు కత్తిరించాం. గోరింట కంచె వలె మళ్ళీ చిగురిస్తుందనుకున్నాం. చిగురించలేదు. కోనిఫర్లలో చాలావాటికి ముదురు కొమ్మనుండి కొత్త చిగురు రాదు. కత్తెర ఎప్పుడూ పచ్చని భాగాన్ని దాటరాదు. ఒక్క సందర్భంలో మాత్రం జాలి పనికిరాదు. పొట్టి మొక్క నుండి పెద్ద చెట్టు స్వభావంతో ఒక కొమ్మ జోరుగా ఎగబాకితే, దానిని వెంటనే మొదలంటా తీసివేయాలి. లేకుంటే అదే మొక్కనంతా ఆక్రమిస్తుంది.

అప్పగింత

2023లో మా ఉద్యోగ విరమణ. పదకొండేళ్ళకు మోర్‌పంఖి నడుమెత్తుకు వచ్చింది. నేలలో అంతకాలం పాతుకున్నదాన్ని పెకలిస్తే బ్రతకదు. ఇల్లు ఖాళీ చేయడం కంటె దానిని విడిచి రావడమే మాకు కష్టమనిపించింది. కొత్తగా వచ్చే కుటుంబం అక్కడ స్కూటరు నిలుపుకోదలిస్తే కాదనే హక్కు మాకు లేదు. అయినా వారింటికి వెళ్ళి, మొక్కను చూపి, ఎప్పుడు నీరు పోయాలో, కత్తెర ఎంతవరకు పెట్టవచ్చునో ఒక కాగితంపై వ్రాసి ఇచ్చాం. మేము పాడుచేసిన పక్కను కూడ దాచకుండా చూపించాం. ఈ వ్యాసం ఆ కాగితానికి కొనసాగింపే.

మరుసటి తొలకరికి ఆ ఇంటి ఇల్లాలు ఫోను చేశారు. స్కూటరును వెనుకవైపు పెట్టుకుంటున్నామని, మేము బోసిచేసిన చోటును పక్క కొమ్మలు కొంత కమ్ముకున్నాయని చెప్పారు. మనకు బదిలీలు మూడు నాలుగేళ్ళకొకసారి వస్తుంటాయి. ఈ మొక్కలకు అంత తొందర లేదు. అందుచేత క్వార్టర్సులో కోనిఫరు నాటే మిత్రులు, తమ తరువాత ఆ ఇంటికి వచ్చేవారికోసం కూడ నాటుతున్నామని తలచి నాటవలసిందిగా మా మనవి.