మందు పడలేదని మానేయవద్దు

ఆదివారం ఆరాధన ముగిశాక ప్రార్థన మనవులు చెప్పమని కాపరి అడిగితే మన సంఘాల్లో ఎన్నో చేతులు లేస్తాయి. షుగరు, బి.పి., మోకాళ్ల నొప్పులు, పిల్లల పరీక్షలు, రావలసిన వీసా అన్నీ బాహాటంగానే చెప్పుకుంటాం. ఒక్క మనవి మాత్రం చాలా అరుదుగా వినిపిస్తుంది. ‘నాకు ఆందోళన జబ్బు ఉంది, డాక్టరు మాత్రలు రాశారు, అవి పడటం లేదు, సరిపడే మందు దొరికేలా ప్రార్థించండి’ అని ఎవరూ లేచి చెప్పరు. అలాంటివారు మన మధ్య లేరా? ఉన్నారు. పక్క బెంచీలోనే ఉన్నారు. చెబితే విశ్వాసం లేనివారంటారేమోనని భయపడి, నాలుగు రోజులు వేసుకున్న మాత్రలను బీరువాలో పడేసి, మళ్లీ నిద్రలేని రాత్రుల్లోకి వెళ్లిపోతున్నారు. ఈ వారం వారి గురించి ఆలోచిద్దాం.

దిగులు లేని మనిషి లేడు. కూతురి పెళ్లి, తీర్చవలసిన అప్పు, రేపటి ఆపరేషను ఎవరినైనా కలవరపెడతాయి. పని గడిస్తే ఆ దిగులు పోతుంది. కాని ఆందోళన జబ్బుగా మారినప్పుడు కారణం పోయినా భయం పోదు. నెలల తరబడి ప్రతి చిన్న విషయానికీ మనసు అల్లాడుతుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, మెడ పట్టేయడం, కడుపులో తిప్పడం, తెల్లవారుజామునే మెలకువ రావడం దాని లక్షణాలు. కొందరికి ఉన్నట్టుండి ఊపిరాడక, ప్రాణం పోతోందన్నంత భయం ముంచుకొస్తుంది. గుండెపోటనుకొని ఆస్పత్రికి పరుగెత్తుతారు. ఇ.సి.జి. బాగానే ఉందంటారు. దీన్నే ప్యానిక్ అటాక్ అంటారు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తగ్గినా, గుండె లయ తప్పినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి గనుక వాటిని ముందు పరీక్షించి చూడటం మంచి డాక్టరు పద్ధతి.

ముందు ఇబ్బంది, తర్వాత మేలు

ఈ జబ్బుకు నేడు డాక్టర్లు సాధారణంగా మొదట రాసేవి ఎస్.ఎస్.ఆర్.ఐ. అనే తరగతి మందులు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, పరోక్సెటిన్ వంటివి ఈ కోవలోనివే. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం నరాల కణాల మధ్య మరికొంతసేపు నిలిచేలా ఇవి చేస్తాయి. ఆ మార్పు కొద్ది గంటల్లోనే మొదలవుతుంది. కాని మెదడు దానికి సర్దుకొని మనసు కుదుటపడటానికి రెండు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది.

ఇబ్బందులు మాత్రం అన్నాళ్లు ఆగవు. మన ఒంట్లోని సెరటోనిన్‌లో అధిక భాగం కడుపు, పేగుల్లోనే ఉంటుంది. అందుకే మొదటి రోజుల్లో వికారం, విరేచనాలు పట్టుకుంటాయి. తలనొప్పి, నోరు ఎండటం, నిద్ర చెదరడం కూడా ఉండవచ్చు. కొందరికి మొదటి వారంలో ఆందోళనే కాస్త పెరిగినట్లనిపిస్తుంది. చాలామందిలో ఇవి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఇబ్బంది ముందు వస్తుంది, మేలు తర్వాత వస్తుంది. ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే మనిషి ఏమనుకుంటాడు? ‘ఈ మందు నాకు పడలేదు’ అనుకుంటాడు. ఇంకా దిగులు పడి ‘నాకు ఏ మందూ పనిచేయదు’ అనుకుంటాడు. విశ్వాసి అయితే ‘మాత్రను నమ్ముకున్నందుకు దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు’ అని కూడా అనుకోవచ్చు. అది శిక్ష కాదు, మాత్ర పనిచేసే తీరు.

ఈ ఇబ్బందిని తగ్గించడానికి డాక్టర్ల దగ్గర దారులున్నాయి. మొదట తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. వికారం ఉంటే భోజనం తర్వాత వేసుకోమంటారు. నిద్ర పట్టకపోతే ఉదయానికి, మత్తుగా ఉంటే రాత్రికి మారుస్తారు. ఇవి చిన్న మార్పులే అయినా, మాత్ర మానేయాలనుకున్న మనిషిని నిలబెడతాయి.

ఎవరికి ఏది పడుతుంది?

ఒకే ఇంట్లో అక్కకు పడిన మందు చెల్లెలికి పడకపోవచ్చు. మందును విరిచి బయటికి పంపే పని కాలేయంలోని ఎంజైములది. వాటిలో సివైపి2సి19 అనే ఒక ఎంజైము ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటి మందుల మీద పనిచేస్తుంది. పుట్టుకతోనే ఈ ఎంజైము మందంగా ఉన్నవారు యూరప్ ప్రజల్లోకంటే మన దేశంలో ఎక్కువ. వారిలో మామూలు మోతాదే రక్తంలో ఎక్కువగా నిలిచిపోతుంది. కనుక పక్కింటి సోదరి వేసుకుంటున్న మాత్ర అడిగి తెచ్చుకోవడం, మన చీటీ మరొకరికి ఇవ్వడం మంచిది కాదు.

మందు ఎంపికలో ఇతర జబ్బులనూ చూడాలి. వెన్లాఫాక్సిన్ కొందరిలో రక్తపోటు పెంచుతుంది. పరోక్సెటిన్‌తో బరువు పెరిగే అవకాశం ఎక్కువ, మానేటప్పుడూ ఎక్కువ బాధపెడుతుంది. మిర్టజపిన్ నిద్రను, ఆకలిని పెంచుతుంది. బక్కచిక్కి నిద్రలేనివారికి అదే వరం కావచ్చు, షుగరుతో బరువు తగ్గాలనుకునేవారికి అదే భారం కావచ్చు. బస్పిరోన్ అలవాటు పడే మందు కాదు గాని తల తిరిగినట్లు చేయవచ్చు, దాని ఫలితానికీ వారాలు పడుతుంది. గుండె దడకు ఇచ్చే ప్రోప్రానొలాల్ ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం. షుగరు పడిపోయినప్పుడు కనిపించే దడను కూడా అది కప్పిపుచ్చుతుంది. పెద్ద వయసువారిలో, ముఖ్యంగా నీరు పోవడానికి మాత్రలు వాడేవారిలో, ఎస్.ఎస్.ఆర్.ఐ.లు రక్తంలో సోడియం తగ్గించవచ్చు. ఆస్పిరిన్, నొప్పి మాత్రలతో కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. అందుకే ఇంట్లో వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం, హోమియోతో సహా, ఒక సంచిలో వేసుకొని డాక్టరు ముందు పెట్టాలి.

వెంటనే హాయినిచ్చే మాత్ర

ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, డయజెపామ్ వంటివి అరగంట, గంటలోనే మనసును నెమ్మదింపజేస్తాయి. అందుకే అవి చాలామందికి ఇష్టం. కొద్ది రోజులకు, అత్యవసరానికి అవి ఉపయోగపడతాయి. కాని వారాల తరబడి వాడితే శరీరం వాటికి అలవాటు పడుతుంది. పెద్దవారు రాత్రి లేచి పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. మద్యంతోగాని, కొన్ని దగ్గు, నొప్పి మందులతోగాని కలిస్తే ఊపిరికే ముప్పు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ తరగతి మందులన్నిటిపైనా అలవాటు గురించిన హెచ్చరికను మరింత గట్టిగా రాయించింది. మన దేశంలో 2014 నుంచి ఆల్ప్రజోలామ్, డయజెపామ్ షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరం షాపువారు రిజిస్టరులో రాయాలి. అయినా ‘నిద్రమాత్ర’ అని అడిగి తెచ్చుకొని ఏళ్ల తరబడి వేసుకుంటున్నవారు మన బంధువుల్లోనే ఉండవచ్చు. వారు ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్లు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

చెప్పుకోలేని ఇబ్బంది

ఎస్.ఎస్.ఆర్.ఐ. మందులు వాడేవారిలో చాలామందికి దాంపత్య జీవితంలో ఆసక్తి, తృప్తి తగ్గుతాయి. వికారంలా ఇది రెండు వారాల్లో పోకపోవచ్చు. భర్త డాక్టరుకు చెప్పడు, భార్య భర్తకు చెప్పదు. చివరికి ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆగిపోతుంది, ఆందోళన తిరిగొస్తుంది. మరికొందరికి ఏడుపు రాదు, నవ్వూ రాదు, మనసు మొద్దుబారినట్లుంటుంది. ఆరాధనలో కూడా ఏమీ అనిపించడం లేదని, దేవుడు దూరమయ్యాడని భయపడతారు. ఇవన్నీ డాక్టర్లకు తెలిసిన ఇబ్బందులే. మోతాదు తగ్గించడానికో, మందు మార్చడానికో వీలుంటుంది. సిగ్గుపడి దాచుకుంటేనే దారి మూసుకుపోతుంది.

మరి ఎప్పుడు ఆగకూడదు? మందు మొదలుపెట్టిన రోజుల్లోగాని, మోతాదు మార్చినప్పుడుగాని చనిపోవాలన్న ఆలోచనలు వస్తే, ఒంటి మీద దద్దుర్లు లేచి ముఖం వాస్తే, నిద్ర అక్కర్లేనంత విపరీతమైన ఉత్సాహం వస్తే, పెద్దవారు తికమకగా మాట్లాడితే వెంటనే డాక్టరును కలవాలి. ముఖ్యంగా 25 ఏళ్లలోపువారిని మొదటి వారాల్లో ఇంటివారు కనిపెట్టుకొని ఉండాలి. గర్భవతులు, బిడ్డకు పాలిచ్చే తల్లులు తమంతట తామే మందు మొదలుపెట్టవద్దు, మానవద్దు.

ఉపవాసం, ఆల్‌నైట్ ప్రార్థన, మాత్ర

మన సంఘాలకే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. ఉపవాస ప్రార్థన రోజున చాలామంది మాత్ర కూడా మానేస్తారు. మూడు రోజులు ఉపవాసమైతే మూడు రోజులూ మాత్ర ఉండదు. రెండో మూడో రోజున తల తిరగడం, వికారం, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్లు అనిపించడం మొదలవుతాయి. మందు హఠాత్తుగా ఆగినందువల్ల వచ్చే బాధ అది. దాన్ని ఆత్మీయ పోరాటమని పొరపడినవారూ ఉంటారు. ఉపవాసం ఉండాలనుకుంటే మాత్ర ఏ వేళకు, ఏమి తిని వేసుకోవాలో ముందే డాక్టరును అడగాలి. రాత్రంతా మేలుకొనే కూడికల విషయమూ అంతే. నిద్ర తగ్గితే ఆందోళన పెరుగుతుంది. అలాంటి సహోదరుడు పది గంటలకు ఇంటికి వెళ్లి పడుకుంటే ఎవరూ తప్పుపట్టకూడదు.

హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో గోడవైపు తిరిగి ప్రార్థించిన సంగతి మనకు తెలుసు. దేవుడు ఆ ప్రార్థన ఆలకించాడు, ఆయుష్షు పొడిగించాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి ఆ పుండు మీద వేయించాడు. ప్రార్థన చేశాం గనుక ముద్ద ఎందుకని ఎవరూ అనలేదు. ముద్ద ఉంది గనుక ప్రార్థన ఎందుకనీ అనలేదు.

1907లో మన దేశానికి వచ్చిన మెథడిస్టు మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ తొలి ఏళ్లలోనే మనసు, శరీరం కుప్పకూలి స్వదేశానికి వెళ్లవలసి వచ్చింది. తిరిగి వచ్చాక లక్నోలో ప్రార్థిస్తుండగా తనకు నెమ్మది దొరికిందని ఆయన సాక్ష్యమిచ్చారు. ఆ సాక్ష్యాన్ని అడ్డం పెట్టుకొని డాక్టర్లు వద్దనలేదు. అదే లక్నోలో 1950లో నూర్ మంజిల్ అనే మానసిక వైద్యశాలను స్థాపించారు. మన తెలుగువారు ఎందరో వెళ్లే వేలూరు సి.ఎం.సి. మానసిక విభాగంలో రోగితోపాటు ఇంటివారు కూడా ఉండే పద్ధతి ఉంది. జబ్బు ఒక్కరిదే అయినా కోలుకోవడానికి ఇల్లంతా కావాలి.

సంఘం చేయగలిగింది

మొదటి ఆరు వారాలు ఆ మనిషికి తోడు కావాలి. వికారంగా ఉన్నప్పుడు నాలుగు మెతుకులు తినిపించేవారు, మాత్ర వేసుకున్నావా అని ఫోను చేసేవారు, డాక్టరు దగ్గరకు వెంట వెళ్లేవారు కావాలి. ఒక నోటు పుస్తకం కొనిచ్చి, ఏ రోజు ఏ మాత్ర, ఎంత మోతాదు, ఏమి ఇబ్బంది, ఎన్ని గంటలు ఉందో రాసుకోమని చెప్పండి. ‘ఏమీ బాగోలేదు’ అన్న మాటకంటే ఆ నాలుగు పేజీలు డాక్టరుకు ఎంతో ఉపయోగం. తగిన మోతాదులో తగినన్ని వారాలు వాడినా గుణం లేకపోతేనో, ఇబ్బంది భరించలేనిదైతేనో మరో మందుకు మారుస్తారు. మొదటిది పడనివారికి రెండోది పడటం మామూలే. మందులు వద్దనుకునేవారికి, వాటితోపాటు మరో సాయం కావాలనుకునేవారికి సి.బి.టి. అనే మాటల చికిత్స కూడా బాగా పనిచేస్తుంది. కోలుకున్నాక కూడా సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు మందు కొనసాగించి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు.

డబ్బుల్లేక మానేసేవారూ ఉన్నారు. జన ఔషధి కేంద్రాల్లో జనరిక్ మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును చర్చి నోటీసు బోర్డు మీద రాయడానికి ఒక్క చాక్‌పీసు చాలు.

సాక్ష్యాల సమయంలో ‘మాత్రలన్నీ పారేశాను, దేవుడు బాగుచేశాడు’ అన్న మాటకు మనం గట్టిగా హల్లెలూయ అంటాం. ఆ మాట విని వెనుక బెంచీలోని ఒక చెల్లెలు ఇంటికెళ్లి తన మాత్రలు పారేస్తే ఆమె రాత్రి ఎలా గడుస్తుందో ఆలోచించాలి. ‘మూడో మందు పడింది, ఆరు నెలలుగా నిద్రపోతున్నాను, దేవునికి స్తోత్రం’ అని ఎవరైనా లేచి చెబితే దానికీ అంతే గట్టిగా హల్లెలూయ అందాం.