నియామక సంస్థ: క్లయింటుతోనూ అభ్యర్థితోనూ సంబంధాలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:

• నియామక సంస్థకు రుసుము ఎవరు, ఎప్పుడు చెల్లిస్తారు
• ఖాళీకి సంబంధించిన వివరాలను క్లయింటు నుంచి ఎట్లా రాబట్టాలి
• జీతం, తిరస్కారం, ఆలస్యం వంటి విషయాలను అభ్యర్థికి ఎట్లా తెలపాలి

9.1 పరిచయం

ఒక సంస్థలో ఉద్యోగం ఖాళీ అయినప్పుడు ఆ సంస్థ తానే ప్రకటన ఇచ్చి తగిన వ్యక్తిని ఎంచుకోవచ్చు. లేదా ఆ పనిని బయటివారికి అప్పగించవచ్చు. ఇట్లా అప్పగించిన పనిని చేసేదే నియామక సంస్థ. వాడుకలో దీనినే ‘కన్సల్టెన్సీ’ అంటున్నాం. పని అప్పగించిన సంస్థ క్లయింటు. ఉద్యోగం కోరేవారు అభ్యర్థి.

ఈ ఇద్దరినీ కలిపే పని పెళ్లిసంబంధం కుదర్చడంలాంటిదని చాలామంది అంటారు. పోలిక కొంతవరకు నిజమే. అయితే వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్న సామెత ఇక్కడ పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలుసుకోవాలంటే ముందుగా రుసుము పద్ధతిని పరిశీలించాలి.

9.2 రుసుము పద్ధతి

మనదేశంలో శాశ్వత ఉద్యోగాల భర్తీకి నియామక సంస్థకు రుసుము చెల్లించేది క్లయింటు. ఉద్యోగి వార్షిక జీతంలో కొంత శాతాన్ని రుసుముగా నిర్ణయిస్తారు. 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలమానం. ఉద్యోగ స్థాయిని బట్టి ఇది మారుతుంది. అభ్యర్థి ఉద్యోగంలో చేరిన తరువాతే బిల్లు పంపుతారు. చేరిన వ్యక్తి నిర్ణీత గడువులోపల, సాధారణంగా 90 రోజులలో, మానేస్తే మరొకరిని ఉచితంగా చూపించాలన్న షరతు ఒప్పందంలో ఉంటుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. రుసుము అభ్యర్థి చేరినప్పుడే వస్తుంది కాబట్టి, అతడు వెనుకాడే విషయాలను చెప్పకుండా దాటవేయాలన్న ఆశ నియామక సంస్థలో పనిచేసేవారికి కలుగుతుంది. కాని దాచిన విషయం మొదటి నెలలోనే బయటపడుతుంది. అభ్యర్థి మానేస్తాడు. అదే పని ప్రతిఫలం లేకుండా మళ్లీ చేయాలి. క్లయింటు కొంటున్నది చేరే మనిషిని కాదు, నిలిచే మనిషిని. కాబట్టి అభ్యర్థికి నిజం చెప్పడం క్లయింటుకు చేసే సేవలో భాగమే.

9.3 క్లయింటుతో సంబంధం: సరైన ప్రశ్నలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. జడ్చర్ల సమీపంలోని ఒక మందుల కంపెనీ తన క్వాలిటీ కంట్రోల్ విభాగానికి ముగ్గురు కెమిస్టులు కావాలని మీకు తెలిపిందనుకోండి. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ, రెండేళ్ల అనుభవం, హెచ్.పి.ఎల్.సి. యంత్రంపై పని వచ్చి ఉండాలి. ఇంతవరకే రాసి పంపారు. వెంటనే 20 బయోడేటాలు పంపడం మంచి సేవ అనిపిస్తుంది. నిజానికి అది క్లయింటు పనిని పెంచుతుంది. ముందుగా మీరు అడగవలసినవి ఇవి:

• రాత్రి షిఫ్టు ఉన్నదా? ఉంటే నెలలో ఎన్ని రోజులు?
• హైదరాబాదు నుంచి కంపెనీ బస్సు ఉన్నదా? ఎక్కడినుంచి బయలుదేరుతుంది?
• ఇంతకుముందు ఈ పనిలో ఉన్నవారు ఎందుకు మానేశారు?
• ఇంటర్వ్యూలు ఎన్ని దశలు? తుది నిర్ణయం ఎవరిది?
• ఎంపికైన వ్యక్తి నోటీసు పీరియడ్ పూర్తిచేసి రావడానికి ఎన్నాళ్లు ఆగగలరు?

వీటిలో మూడవ ప్రశ్న అడగడానికి చాలామంది సంకోచిస్తారు. కాని అసలు ఇబ్బంది ఏమిటో దాని జవాబులోనే తెలుస్తుంది. అట్లాగే, క్లయింటు ఇవ్వదలచిన జీతానికి అడిగిన అనుభవం ఉన్నవారు దొరకరని మీకు తెలిస్తే ఆ మాట మొదటిరోజే చెప్పాలి. నెలరోజులు వెతికి చివర చెబితే అది సాకులాగా వినిపిస్తుంది. ముందే చెబితే సలహా అవుతుంది.

9.4 అభ్యర్థితో సంబంధం: జీతం లెక్క

అభ్యర్థికి, నియామక సంస్థకు మధ్య ఎక్కువ అపార్థాలు వచ్చేది జీతం దగ్గరే. సంస్థలు చెప్పేది సి.టి.సి., అంటే ఆ ఉద్యోగిపై సంస్థ చేసే మొత్తం వ్యయం. అభ్యర్థి అడిగేది చేతికి వచ్చే జీతం. ఈ రెండింటి మధ్య తేడాను కింది లెక్కలో గమనించండి. వార్షిక సి.టి.సి. 4,80,000 రూపాయలు, నెల మూలవేతనం 20,000 రూపాయలు అనుకుందాం.

నెలకు సి.టి.సి.: 40,000
తీసివేత: భవిష్యనిధికి సంస్థ వాటా (మూలవేతనంలో 12 శాతం): 2,400
తీసివేత: గ్రాట్యుటీ (మూలవేతనంలో 4.81 శాతం): 962
స్థూల జీతం: 36,638
తీసివేత: భవిష్యనిధికి ఉద్యోగి వాటా: 2,400
తీసివేత: వృత్తి పన్ను: 200
చేతికి వచ్చేది: 34,038

భవిష్యనిధి, గ్రాట్యుటీ ఉద్యోగి మేలుకోసం ఉద్దేశించినవే. అయినా నెలకు 40,000 వస్తుందని అద్దె ఇల్లు మాట్లాడుకున్న కుటుంబానికి దాదాపు 6,000 తగ్గితే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఈ లెక్కను ఇంటర్వ్యూకు ముందే కాగితం మీద వేసి చూపితే కొందరు వెనక్కి తగ్గవచ్చు. మిగిలినవారు తెలిసి చేరతారు, నిలుస్తారు.

9.5 చెప్పడానికి కష్టమైన మాటలు

ఎంపిక కాలేదన్న మాట చెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందువల్లనే చాలామంది ఫోను ఎత్తడం మానేస్తారు. ఇంటర్వ్యూకోసం సెలవు పెట్టి, ఛార్జీలు భరించి వచ్చిన వ్యక్తికి జవాబు పొందే హక్కు ఉన్నది. “హెచ్.పి.ఎల్.సి. మీద అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు చాలలేదట, ఈసారికి ఎంపిక కాలేదండీ” అని చెబితే అతడు నొచ్చుకుంటాడు, కాని తరువాతి ఇంటర్వ్యూకు సిద్ధమవుతాడు. క్లయింటు నిర్ణయం ఆలస్యమైనప్పుడు కూడా “ఇంకా తేలలేదు, శుక్రవారం మళ్లీ చెబుతాను” అనాలి. శుక్రవారం కొత్త సంగతి ఏమీ లేకపోయినా ఫోను చేయాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది రాజీనామా విషయం. క్లయింటు నోటిమాటగా సరేనన్నంత మాత్రాన అభ్యర్థిని రాజీనామా చేయమనకూడదు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చి, అందులోని జీతం, హోదా, చేరవలసిన తేదీ సరిచూసుకున్న తరువాతే రాజీనామా ఇవ్వమని చెప్పాలి. నోటిమాట తప్పితే క్లయింటుకు పోయేది ఒక ఖాళీ మాత్రమే. అభ్యర్థికి పోయేది జీవనోపాధి.

9.6 గుర్తుంచుకోవలసిన నియమాలు

అభ్యర్థినుంచి డబ్బు తీసుకోవడం నమ్మకాన్ని మొదట్లోనే దెబ్బతీస్తుంది. ప్రైవేటు నియామక సంస్థలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన ఒడంబడిక (సంఖ్య 181) కార్మికులనుంచి రుసుము వసూలు చేయరాదన్న సూత్రాన్ని నిర్దేశించింది. మనదేశంలో విదేశీ ఉద్యోగాల విషయంలో 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టరైన ఏజెంట్లు సేవా రుసుము తీసుకోవచ్చు. దానికి గరిష్ఠ పరిమితి 30,000 రూపాయలు, జి.ఎస్.టి. అదనం. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు ఎక్కువగా ఉన్న జగిత్యాల, నిజామాబాదు, కడప వంటి జిల్లాల విద్యార్థులు ఈ పరిమితిని తమ ఊరివారికి తెలియజేయడం అవసరం.

అభ్యర్థి బయోడేటాను అతని అంగీకారం లేకుండా ఎవరికీ పంపకూడదు. అది తిరిగి తిరిగి అతని ప్రస్తుత యజమానికే చేరితే ఉన్న ఉద్యోగానికే ముప్పు. వ్యక్తిగత సమాచార వినియోగంలో అంగీకారానికి ఉన్న ప్రాధాన్యాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా గుర్తించింది.

9.7 సారాంశం

నియామక సంస్థకు రుసుము క్లయింటునుంచి వస్తుంది. ఆ రుసుము నిలిచేది అభ్యర్థి నిలిచినప్పుడే. కాబట్టి ఇద్దరి ప్రయోజనమూ ఒకే చోట కలుస్తుంది. ఖాళీని గురించి పూర్తిగా అడిగి తెలుసుకోవడం, జీతాన్ని లెక్కకట్టి చూపడం, కష్టమైన మాటను సకాలంలో చెప్పడం, రాతపూర్వకమైన ఆఫర్ వచ్చేవరకు రాజీనామా వద్దనడం, ఈ నాలుగింటివల్ల సంబంధం బలపడుతుంది. ఈరోజు ఎంపిక కాని కెమిస్టు పదేళ్లకు ఒక విభాగానికి అధిపతి కావచ్చు. అప్పుడు తనకు మనుషులు కావలసి వస్తే, నిజం చెప్పినవారినే పిలుస్తాడు.

9.8 మాదిరి ప్రశ్నలు

1. రుసుము చెల్లింపు పద్ధతి నియామక సంస్థ ప్రవర్తనను ఎట్లా ప్రభావితం చేస్తుంది?
2. వార్షిక సి.టి.సి. 3,60,000 రూపాయలు, నెల మూలవేతనం 15,000 రూపాయలు అయినప్పుడు స్థూల జీతాన్ని లెక్కకట్టండి.
3. మీకు తెలిసిన ఒక ఉద్యోగాన్ని తీసుకొని, క్లయింటును అడగవలసిన ఐదు ప్రశ్నలు రాయండి.