రాజసభ నుండి పుస్తకశాలకు

సాహిత్యము కంటితో చదువుటకే గాక చెవితో వినుటకును ఏర్పడినది. అచ్చుయంత్రము లేని దినములలో కావ్యము సభలోనే జనులకు పరిచితమగుచుండెను. కవి చదువును, పండితులు ప్రశ్నింతురు, రసికులు తలలూపుదురు. ఇట్టి సభలకు కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డయు, కృష్ణకు ఆవలి గట్టున నున్న సీమయు చిరకాలము ఆటపట్టులై యుండెను.

నిజాము ప్రభుత్వమునకు లోబడిన చిన్న రాజ్యములను సంస్థానములనెడివారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము అట్టివి. నేడవి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో నున్నవి. ప్రభువుల పండితాదరము వలన గద్వాలకు 'విద్వద్గద్వాల' యను పేరు కలిగినది. జంటకవులైన తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానములను దర్శించి సన్మానములందిరి.

వారి కీర్తికి మూలము అవధానము. అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులు కవిని చుట్టి కూర్చుందురు. ఒకరు పద్యపు కడపటి పాదమునిచ్చి తక్కినది పూరింపుమందురు, అది సమస్య. వేఱొకరు నాలుగు మాటలిచ్చి వానిని పద్యమున నిముడ్పుమందురు, అది దత్తపది. ఇంకొకరు కవి పలుకబోవు అక్షరమును ఊహించి నిషేధింతురు; అది నిషిద్ధాక్షరి. నడుమ నొకరు సంబంధము లేని మాటలతో కవి మనస్సును చెదరగొట్టజూతురు. కవి తొట్రుపడక అన్నిటికిని బదులిచ్చి, తుదకు పద్యములన్నియు ధారణ నుండి అప్పగింపవలెను. ఇందు శ్రోత ఊరక కూర్చుండువాడు కాడు. అతని ప్రశ్న లేనిచో పద్యమే పుట్టదు.

అయినను ఆ సభలకొక కొఱత యుండెను. ప్రభువు దయగలిగినచో కవికి వార్షికము లభించును. లేనిచో రిక్తహస్తములతో మరలవలసినదే. చదువురాని రైతునకు సభలో చోటు దుర్లభము. పల్లెలలో నున్న కవుల మాట ఊరి పొలిమేర దాటకుండెను. తెలంగాణమున తెలుగు కవులే లేరని ఒకరు వ్రాయగా, గద్వాల ప్రాంతమువాడైన సురవరము ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించి, 354 మంది కవులను లోకమునకు చూపెను. కవులు లేకపోలేదు, వారిని వినినవారు లేకపోయిరి. వినువారు లేనిచో కవి యుండియు లేనివాడే యగును.

1948లో నిజాము పాలన అంతమైన పిమ్మట సభకు క్రొత్త రూపము వచ్చినది. 1943లో స్థాపితమై నేడు తెలంగాణ సారస్వత పరిషత్తుగా నున్న ఆంధ్ర సారస్వత పరిషత్తు, 1953లో తన వార్షికోత్సవమును ఆలంపురమున జరిపెను. నవబ్రహ్మాలయములకు నెలవైన ఆ చిన్న యూరిలో ఆ కార్యభారమును వహించినవారిలో గడియారము రామకృష్ణశర్మ ముఖ్యులు. ఆ సభలోనే కాళోజీ నారాయణరావు గారి 'నా గొడవ' ఆవిష్కృతమైనది, ఆవిష్కరించినవారు శ్రీశ్రీ. ఆ కవితలు ప్రభువును స్తుతించునవి కావు. సామాన్యుని బాధను వాని నోటి భాషలోనే చెప్పునవి. రాజసభలో ఏ కవి తన కావ్యమునకు 'నా గొడవ' యని పేరిడగలడు? సభ ప్రజలది యైనప్పుడే అట్టి పుస్తకమునకు వేదిక దొరకినది.

సభకు పెద్ద మందిరము కూడ అక్కఱలేదు. పారిస్ నగరమున అడ్రియెన్ మోనియే అను వనితకు ఒక చిన్న పుస్తకశాల యుండెను. జేమ్స్ జాయిస్ వ్రాసిన 'యులిసీస్' నవల ఇంకను వెలువడకమునుపే, 1921 డిసెంబరు 7న, అచ్చట దానినిగూర్చి ఉపన్యాసము జరిగి, కొన్ని భాగములు చదువబడెను. మఱుసటి యేడు ఫిబ్రవరిలో, ఎదుటి దుకాణముదారైన సిల్వియా బీచ్ ఆ నవలను ప్రకటించెను.

నేడు పుస్తకశాలలలో జరుగు గోష్ఠులును ఇట్టివే. బల్లలు ప్రక్కకు జరిపి, కుర్చీలు వేసి, రచయితను పిలుతురు. ఆయన తన గ్రంథమునుండి ఒక ఘట్టము చదువును. శ్రోతలు సందేహములడుగుదురు. నచ్చినవారు ప్రతి కొని, దానిపై రచయిత చేవ్రాలు పొందుదురు. రచయితకు పాఠకుని ముఖము కనబడును; పాఠకునకు రచయిత గొంతు వినబడును. పుస్తకశాల లేని యూరిలో గ్రంథాలయము చాలును. అదియు లేనిచో పాఠశాలలో ఒక గది చాలును.

అట్టి గోష్ఠికి పోవువారు ఆ పుస్తకమును కొంతయైన ముందుగా చదువవలెను. శ్రద్ధతో వినవలెను. తెలియనిది అడుగుటకు సిగ్గుపడరాదు. నాడు పృచ్ఛకుని స్థానము పండితులకే దక్కినది. నేడు ఎనిమిదవ తరగతి విద్యార్థియు ఆ స్థానమున కూర్చుండవచ్చును. ఆ యాసనము ఖాళీగా నుండనీయకుండుట నేటి పాఠకుల విధి.